చాటు దండెం

మా కాలనీలో ప్రతి ఇంటికీ రెండు దండేలుండేవి. ఒకటి ముందు వాకిట్లో, ఎండలో. చీరలు, లుంగీలు, పిల్లల చొక్కాలు దాని మీద. రెండోది వెనక తడిక చాటున, రేకుల చూరు కింద, పట్టపగలు కూడా చీకటిగా ఉండే చోట. ఆడవాళ్ల లోబట్టలన్నీ దాని మీదే. అక్కడ కూడా పైన పాత చీర ముక్క కప్పేవాళ్లం. ఆరేసేవాళ్లం అనడమే గానీ అవి ఏనాడూ ఆరేవి కావు. సముద్రపు గాలికి ముట్టుకుంటే చెమ్మగా తగిలేవి. ఆ చెమ్మతోనే కట్టుకునేవాళ్లం, మగాడి కంట పడితే కొంపలు మునుగుతాయన్నట్టు. నా ఉద్యోగం, నా నిద్ర, దాదాపు నా ప్రాణం ఆ వెనక దండెం మీద వేలాడాయని నాకు ఇరవయ్యారేళ్లు వచ్చాక గానీ తెలియలేదు. తెలిశాక వచ్చిన కోపం ఇన్నేళ్లైనా చల్లారలేదు.

ఇది ఎనభైల మధ్యలో మాట. మా ఊరు అంతకు ముందే స్టీలు ప్లాంటు కింద పోయింది. ఎకరంన్నర పల్లం, దాని పక్క జీడితోట, అమ్మ కాపురానికి వచ్చిన ఇల్లు, అన్నీ పోయి మాకు మిగిలింది కూర్మన్నపాలెం లోపల రెండు గదుల రేకుల ఇల్లు, ఒక కార్డు. ఆర్ కార్డు అనేవాళ్లు. భూమి పోయిన ఇంటికి ప్లాంటులో ఒక ఉద్యోగం అని దాని అర్థం. మా అయ్యకి కొడుకుల్లేరు. అప్ప, అంటే మా అక్క, నేనూ ఇద్దరమే. అప్ప బడి మొహం చూడలేదు, పెళ్లై ముగ్గురు పిల్లలు. నేను పది పాసై గాజువాకలో టైపు నేర్చుకున్నాను. అయ్య పోయే ముందు బస్సెక్కి ఆఫీసుకి వెళ్లి కార్డు మీద నా పేరు రాయించి వచ్చాడు. కాలనీకి కాలనీయే నవ్వింది. అందరూ కొడుక్కో అల్లుడికో రాయిస్తుంటే ఈ ముసలాడు పెళ్లికాని పిల్లకి రాయించాడేమిటని. అమ్మ కూడా అడిగింది. "అల్లుడికిత్తే అల్లుడిదవతాది. గుంటకిత్తే గుంటదవతాది" అన్నాడు అయ్య. ఆ విషయం మీద ఆయన మాట్లాడింది అంతే.

కాబట్టి ఆ ఉద్యోగం నాది. వస్తే నా అన్నం నేను తింటాను, అమ్మని చూసుకుంటాను. రాకపోతే అప్ప వాకిట్లో ఇద్దరం చేతులు చాచాలి. మధ్యలో ఒకటే అడ్డు, డాక్టర్ల బోర్డు. అందులో ఫిట్ అనిపించుకోవాలి. మూడు అవకాశాలు. మూడింటిలోనూ తప్పితే కార్డు ఇంట్లో ఇంకొకరికి మారుతుంది. ఆ ఇంకొకరు మా బావ, అప్ప మొగుడు.

బావ చెడ్డవాడైతే నాకు ఎంత హాయిగా ఉండేదో. కాంట్రాక్టరు కింద ఇనుప కడ్డీలు వంచే పని అతనిది. అరచేతులు రెండూ కాయలు కాసి, వేళ్లు పూర్తిగా ముడవడానికి కూడా రావు. పని ఉన్న రోజు ఉంది, లేని రోజు లేదు. బోర్డుకి వెళ్లిన మూడు సార్లూ నా వెంట వచ్చింది అతనే. నేను తప్పితే అతనికి ఉద్యోగం. నేను పాసైతే కడ్డీలు. అది ఇద్దరికీ తెలుసు. తెలిసీ సైకిలు వెనక నన్ను కూర్చోబెట్టుకుని జంక్షన్‌ దాకా తొక్కేవాడు.

ఇక నా జబ్బు సంగతి. ఇరవై రెండో ఏట నాకు టైఫాయిడ్ వచ్చింది. కాలనీ కాంపౌండరు నెల రోజులు గొట్టం మాత్రలు, అదే క్యాప్సూళ్లు, మింగించాడు. జ్వరం పోయింది, పోతూ పోతూ ఈ దురదని నా ఒంట్లో దించి పోయింది. దురద అంటే దోమ కుట్టిన దురద అనుకునేరు. పచ్చిమిరపకాయ నూరి పూసినట్టు మంట, ఆ మంట కింద దురద. గోకితే రక్తం, గోకకపోతే పిచ్చి. విరిగిన పాలలా తెల్లగా అవుతుండేది. నడిస్తే ఒరుసుకుంటుంది, కూర్చుంటే కాలుతుంది. నెల దగ్గరపడే కొద్దీ పెరిగి, బహిష్టు వచ్చాక నాలుగు రోజులు తగ్గేది. అమ్మయ్య, పోయిందనుకునేదాన్ని. మళ్లీ మొదలు. నాలుగేళ్లు అలాగే.

సిటీ బస్సులో నిలబడి రాడ్డు పట్టుకుని, రెండు తొడలూ గట్టిగా అదిమి పెట్టి, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే కిటికీ వైపు చూసేదాన్ని. పక్కనున్న ఆవిడ, ఎవరైనా పోయారా అమ్మా అని అడిగింది ఒకసారి. టైపు క్లాసులో పది నిమిషాలకోసారి లేచి వెనక పంపు దగ్గరకి పోయేదాన్ని. మాస్టారు నన్ను చూడటం మానేశాడు. పెళ్లిళ్లకు పోలేదు, సినిమాకు పోలేదు, అప్ప బిడ్డని ఒళ్లో కూర్చోబెట్టుకోలేదు. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు మరిగే నీళ్లు చెంబుతో తెచ్చుకుని పోసుకున్నాను. చర్మం పొక్కింది. ఆ నొప్పికి అరగంట దురద తెలియలేదు. ఆ అరగంట ఎంత సుఖంగా ఉందో చెప్పినా ఎవరూ నమ్మరు. ఆ తర్వాత నేలమీద పడుకుని ఏడ్చాను. ఇలాగే అరవై ఏళ్లు బతకాలంటే నాకు వద్దు, దేవుడా, అని గట్టిగానే అన్నాను. రేకులు తప్ప వినేవాళ్లెవరూ లేరు.

ఎవరికైనా చెప్పావా అంటారు. ఏమని చెప్పాలి? పెళ్లికాని పిల్లకి అక్కడ జబ్బేమిటి? పోర్టు ఊరు మాది. ఓడల వాళ్లూ లారీల వాళ్లూ పెద్దాసుపత్రిలో ఏ రోగాల వార్డు ముందు వరస కడతారో పిల్లలకు కూడా తెలుసు. అక్కడ దురద అన్నానంటే నన్ను ఆ వరసలో నిలబెట్టి మాట్లాడుకుంటారు. మా ఆడవాళ్లకి దీనికంతటికీ ఒకటే మాట ఉంది. వేడి. తెల్లబట్ట అయితే వేడి, మంటైతే వేడి, నడుం లాగితే వేడి. అమ్మకి అంతే చెప్పాను.

"ఏటైనాదే?"

"వేడి సేసింది."

అమ్మ ఇంకేమీ అడగలేదు. వేడికి చలవ చెయ్యాలి కాబట్టి పంచదార కలిపిన సబ్జా నీళ్లు, బార్లీ, పల్చటి మజ్జిగ తాగించింది. అన్నిటికంటే పెద్ద చలవ తడిగుడ్డ. మా ఇంట్లో మంచినీళ్ల కుండ పక్కన ఒక తడిగుడ్డ ఎప్పుడూ పిండి పెట్టి ఉండేది, నాకు జబ్బు రాకముందు నుంచీ. దాన్ని పొత్తికడుపు మీద, తొడల మధ్య వేసుకుని మధ్యాహ్నం పడుకోమనేది. చల్లగా హాయిగా ఉండేది, నిజమే. లేచేసరికి అంతా నాని ఉండేది. దానిమీద వెనక దండెం మీది చెమ్మ లంగా. రేకుల ఇల్లు, ఉక్కపోత. నా జబ్బు ఒక బూజని తర్వాత తెలిసింది. ఆ బూజుకి నేనూ అమ్మా కలిసి ఇంతకంటే మంచి ఇల్లు కట్టిపెట్టి ఉండలేము.

మొదటి బోర్డుకి పిలుపొచ్చింది. బరువు తూచారు, కళ్లు చూశారు, గుండె విన్నారు, ఒక సీసా ఇచ్చి మూత్రం పట్టి తెమ్మన్నారు. మధ్యాహ్నానికి లోపలికి పిలిచారు. తెల్లజుట్టు డాక్టరుగారు రిపోర్టు చూసి, తల ఎత్తకుండానే మూత్రంలో మంటుందా అని అడిగారు. ఉంది సార్ అన్నాను. అబద్ధమూ కాదు, నిజమూ కాదు. పుండు మీద ఏ నీళ్లు తగిలినా మండుతుంది కదా. ఆ మాట మర్యాదగా ఉందని పట్టుకున్నాను. చీము కణాలున్నాయి, ఇన్‌ఫెక్షను, వైద్యం చేయించుకుని ఆరు వారాల తర్వాత రండి అన్నారు. కాగితం మీద టెంపరరీ అన్‌ఫిట్ అని రాశారు.

బయట బావ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. అతనికి చదువు రాదు. నేనే చదివి చెప్పాను. ఒక్క క్షణం అతని మొహం వెలిగింది. వెంటనే ఆర్పేసుకున్నాడు. నేను చూశానని అతనికి తెలుసు.

కాంపౌండరు కాగితం చూసి మళ్లీ గొట్టం మాత్రలే ఇచ్చాడు, ఈసారి రెండింతలు. మూత్రంలో చీముకి అదే మందట. వారం తిరక్కుండా నా ఒళ్లు మంటల్లో పడింది. అంతకు ముందు నాలుగేళ్లలో అంత ఘోరం లేదు. వాచిపోయి, కోసుకుపోయి, రెండు కాళ్లు ఎడంగా వేసి బాతులా నడిచేదాన్ని. వీధి కొసన పిల్లలు నా నడక పట్టి నవ్వుకున్నారు. బావ పరవాడ అవతల తన ఊరి నుంచి సైకిలుకి కట్టుకుని కొబ్బరి బొండాలు తెచ్చేవాడు, చలవ చేస్తుందని. అదే వారంలో స్టాంపు కాగితం కూడా కొని తెచ్చాడు, నేను తప్పితే కార్డు మార్చడానికి అమ్మ వేలిముద్ర కావాలని. బొండాలు ఒక చేతిలో, కాగితం ఒక చేతిలో. తాగు తాగు అని నిలబడి తాగించేవాడు. ఆ నీళ్లు నాకు గొంతు దిగేవి కావు. తిడదామంటే నోరు రాదు, మొక్కుదామంటే చేతులు రావు.

రెండో బోర్డులో అదే సీసా, అదే డాక్టరుగారు, అదే ప్రశ్న. నేనూ అదే జవాబు. చీము కణాలు ముందుకంటే ఎక్కువున్నాయన్నారు. మళ్లీ ఆరు వారాలు. ఇదే ఆఖరుసారి అమ్మా అన్నారు.

నేను వసారాలో గోడకి ఆనుకుని నిలబడ్డాను. కూర్చోలేను కనక. ల్యాబులో పనిచేసే అమ్మాయి బయటికి వచ్చింది. నా వయసే ఉంటుంది. చుట్టూ చూసి నా పక్కకి వచ్చి, అక్కా, మీ సీసాలో నేను చూసింది మూత్రంలో చీము మాత్రమే కాదు, మొగ్గలు తొడిగిన బూజు కూడా ఉంది, అది పక్కనుంచి వచ్చి కలుస్తుంది, మీకు అక్కడ దురదుందా అని అడిగింది. నాలుగేళ్లలో మొదటిసారి ఒక మనిషి సరైన ప్రశ్న అడిగింది. నేనేం చేశానో తెలుసా? లేదన్నాను. తల అడ్డంగా ఊపి, లేదండీ, వేడి అంతే అన్నాను. ఆ అమ్మాయి లోపలికి వెళ్లిపోయింది.

బస్సు దిగేదాకా నన్ను నేను తిట్టుకున్నాను. సిగ్గు కోసం తిండి పోగొట్టుకునే మొహం నాది. మర్నాడు బావకి చెప్పకుండా మళ్లీ అదే బస్సెక్కి వెళ్లి, ల్యాబు గుమ్మంలో నిలబడి ఆ అమ్మాయిని బయటికి పిలిచాను.

"ఉంది" అన్నాను. "నాలుగేళ్ల నుంచి."

ఆ అమ్మాయి చీటీ మీద ఒక డాక్టరమ్మ చిరునామా రాసిచ్చింది.

డాక్టరమ్మ పట్నంలో, పోర్టు పక్కనున్న పాత ఊళ్లో ఉండేది. కింద ఒక సాయిబుగారి గాజుల కొట్టు, పైన ఆవిడ గది. మెట్ల మీద, బెంచీ మీద బుర్ఖాల్లో ఉన్న ఆడవాళ్లు, చేపలరేవు నుంచి గంపలు దించి నేరుగా వచ్చిన ఆడవాళ్లు. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. ఆ బెంచీ మీద అందరూ నాలాగే అంచుకి కూర్చున్నారని గమనించి నాకు ఏడుపొచ్చింది.

ఆవిడ నన్ను చూసింది, పరీక్ష చేసింది. పెళ్లికాలేదంటే కనుబొమ్మ కూడా ఎత్తలేదు. రక్తం తీయించింది, చక్కెర చూసింది. రెండు రోజులకు మళ్లీ వెళితే, నీ రక్తంలో ఏ లోపమూ లేదు, చక్కెర లేదు, అన్నీ బాగున్నాయి అంది. బాగున్నాయంటే సంతోషించాలి కదా. నాకు ఒళ్లు మండింది. అన్నీ బాగుంటే నేనెందుకిలా చస్తున్నానండీ అని గదమాయించినట్టే అడిగాను.

"ఆ బూజు అందరి ఒంట్లోనూ ఉంటుందమ్మా. నాకూ ఉంది. నా దగ్గర ఊరుకుంటుంది, నీ దగ్గర ఊరుకోవడం లేదు."

తర్వాత ఆవిడ నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఒళ్లంతటికీ రక్తం కాపలా కాస్తుంది. కానీ ఆ చోటికి సొంత కాపలా వేరే ఉంటుందట. అక్కడి చర్మంలో, అక్కడి తడిలో, అక్కడే కాపురముండే మంచి పురుగుల్లో. రక్తంలో వెతికితే అది కనపడదు. గొట్టం మాత్రలు బూజుని ఏమీ చెయ్యవు, ఆ మంచి పురుగుల్ని చంపుతాయి. నేను కడుక్కునే నీళ్లలో పొటాషు వేసి, డెట్టాలు వేసి, మరిగే నీళ్లు పోసి మిగిలిన కాపలాని కూడా తరిమేశాను. ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆ మంట, ఆ వాపు చాలావరకు బూజు చేసేది కాదట. బూజుని చూసి నా ఒళ్లే చేసే గోల అట. సందులో ఒక పిల్లి కనపడితే వీధి కుక్కలన్నీ లేచి మొరిగినట్టు. కొందరి ఒళ్లు ఆ పిల్లిని చూసీ చూడనట్టు ఊరుకుంటుంది, కొందరి ఒళ్లు చెవులు పగిలేలా మొరుగుతుంది.

నా ఒళ్లే ఎందుకు అలా మొరుగుతుందని అడిగాను. తెలీదమ్మా అంది. మాకు ఎవరికీ పూర్తిగా తెలీదు, చదువుతున్నారు, మందు వేస్తే తగ్గుతుంది, మళ్లీ రావచ్చు, వస్తే మళ్లీ రా అంది. అప్పటిదాకా వేడి అన్నవాళ్లకీ తెలుసు, చీము అన్నవాళ్లకీ తెలుసు. తెలీదు అన్న మొదటి మనిషి ఆవిడే. అందుకే నమ్మాను.

గొట్టం మాత్రలు ఆపమంది. లోపల కడగడం ఆపమంది. తడిగుడ్డ మాట చెబితే నెత్తి కొట్టుకుంది. తినడానికి మాత్రలు, పూయడానికి ఊదారంగు మందు ఇచ్చింది, అంటిన బట్టకి మరక పోదని ముందే చెప్పింది. నూలు లంగాలు వాడమంది. ఆఖరున, లోబట్టలు ఎక్కడ ఆరేస్తావని అడిగింది. చెప్పాను.

"ఎండలో ఆరెయ్యి. పెళపెళలాడేలా ఆరాలి."

నాకు మాత్రల కంటే, ఊదా మందు కంటే, బోర్డు కంటే అదే కష్టంగా వినపడింది.

మర్నాడు పొద్దున్నే ఉతికి, తీసుకెళ్లి ముందు దండెం మీద ఆరేశాను. రెండు తెల్ల లంగాలు, నాలుగు గుడ్డలు. అన్నిటికీ ఊదా మరకలు, నేరేడు పళ్లు చిదిపినట్టు. లోపలికి వెళ్లి గ్లాసుడు నీళ్లు తాగి వచ్చేసరికి దండెం ఖాళీ. అమ్మ తీసి వెనక్కి మార్చేసింది. మళ్లీ తెచ్చి వేశాను. మళ్లీ తీసింది. మూడోసారి వేసి, పీట తెచ్చుకుని దండెం కిందే కూర్చున్నాను, ఎర్రటి ఎండలో. బజారు నుంచి వచ్చేవాళ్లు, కుళాయికి పోయేవాళ్లు, డ్యూటీకి పోయే మగాళ్లు, అందరూ చూశారు. నేనూ వాళ్లని చూశాను. మధ్యాహ్నానికి వార్త చేరి అప్ప వచ్చింది.

"సిగ్గులేదేటే నీకు? మీ బావ ఈ దారమ్మటే ఎల్తాడు. ఆలూ ఈలూ నీకేటి రోగమని అడగతన్నారు నన్ను."

"బూజు పట్టింది. అడిగినోల్లకి సెప్పు" అన్నాను.

ఆ రోజు నుంచి బావ మా వీధి వదిలేసి చుట్టుదారిన సైకిలు తొక్కాడు. నన్ను చూడటానికి అనకాపల్లి నుంచి రావాల్సిన పెళ్లివారు రాలేదు. ఎందుకు రాలేదని మేము అడగలేదు. అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, మజ్జిగ పోసేది, మాట మాత్రం లేదు. రోజూ పొద్దున్న నేను దండెం కింద పీట వేసుకునేదాన్ని. బట్టలు పెళపెళలాడేవి. కట్టుకుంటే ఎండ వాసన వచ్చేది. మూడో వారానికి ఒక పొద్దున నిద్ర లేచి, నిద్ర మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదని తెలిసి అలాగే మంచం మీద కూర్చుండిపోయాను.

కానీ ఆఖరి బోర్డు దగ్గరపడే కొద్దీ భయం మళ్లీ పట్టుకుంది. నెల దగ్గరపడింది, దురద సన్నగా మొదలైంది. ఈసారి తప్పితే అంతే. ఆ ఉద్యోగం అయ్య భూమి. ఒక సీసాడు మూత్రంలో కొట్టుకుపోతుందా అని ప్రాణం కొట్టుకుంది. డాక్టరమ్మ చెప్పినట్టే చేశాను. పైన శుభ్రంగా కడిగి, పొడిగా తుడిచి, మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టాను.

బావ వెంట వచ్చాడు. రానంటాడనుకున్నాను, వచ్చాడు. స్టాంపు కాగితం చొక్కా జేబులోంచి కనపడుతోంది. నన్ను లోపలికి పిలిచినప్పుడు నా వెనక తలుపు సగం తెరిచే ఉంది, బావ సరిగ్గా గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు.

డాక్టరుగారు రిపోర్టు చూశారు. చాలా తగ్గాయి, కానీ కొద్దిగా ఉన్నాయి అన్నారు. కలం తీశారు. తల ఎత్తకుండా అదే ప్రశ్న అడిగారు. మూత్రంలో మంటుందా?

ఉంది అంటే పోయింది. లేదు అంటే ఆ కణాలెక్కడివంటారు. గుమ్మం దగ్గర బావ చెప్పులు కనపడుతున్నాయి.

"మూత్రంలో కాదు సార్. ఆడచోట. బూజు పట్టింది. నాలుగేళ్లుగా పోయి పోయి వస్తోంది. మందు వాడుతున్నాను" అని డాక్టరమ్మ చీటీ బల్ల మీద పెట్టాను.

అప్పుడు ఆయన తల ఎత్తారు. చీటీ చదివారు. పాత కాగితాలు రెండూ తీసి చూసుకున్నారు.

"ఈ ముక్క మొదటిరోజే చెప్పాల్సిందమ్మా. దీనికి ఉద్యోగం ఎవరాపుతారు?" అని ఫిట్ అని రాసి సంతకం చేశారు.

అంతే. ఆ సంతకానికి ఎంతసేపు పట్టింది? నాకు మూడు నెలలు పట్టింది, నాలుగేళ్లు పట్టింది. నేను నవ్వలేదు. కృతజ్ఞతలు కూడా చెప్పలేదు. బయటికి వచ్చి పంపు దగ్గర మొహం కడుక్కుని, పంపు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. సంతోషమని అనుకున్నవాళ్లు అనుకున్నారు. అది కోపం. ఒక్క మాట అనడానికి నోరు రాక ఒళ్లు కాల్చుకున్న ఆ మధ్యాహ్నం గుర్తొచ్చి.

బావ అంతా విన్నాడు. బస్టాపులో టీ ఇప్పించాడు. తను తాగలేదు. చేతులు చూసుకుంటూ నిలబడ్డాడు.

"పోన్లే గుంటా. నీది నీకొచ్చింది" అన్నాడు.

మర్నాడు మళ్లీ కడ్డీల పనికి పోయాడు. అప్ప ఏడాది మా గడప తొక్కలేదు. దాని తప్పు కూడా కాదు. ఇద్దరి అన్నం ఒక్క కంచంలో పెడితే ఒకరు ఆకలితో లేవాల్సిందే కదా. మొదటి జీతం నుంచి దాని పిల్లల బడి నేను చూసుకున్నాను. అది తీసుకుంది, మాట్లాడలేదు.

టైమాఫీసులో టైపిస్టుగా చేరాను. మూడో నెలలో జబ్బు తిరిగొచ్చింది. డాక్టరమ్మ చెప్పిందే, అయినా ఆ మొదటి దురద తగలగానే మిషను ముందు కూర్చుని తొడలు అదిమి పెట్టుకుని, ఇక ఇంతేనా, చచ్చేదాకా ఇంతేనా అనుకున్నాను. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. వచ్చిన ప్రతిసారీ అంతే దిగులు, అలవాటు పడటమన్నది లేదు. కానీ ఆదివారం పాత ఊరు వెళ్లేదాన్ని, మందు తెచ్చుకునేదాన్ని, ఎండలో ఆరేసుకునేదాన్ని. అమ్మ మాత్రం ముభావంగానే ఉండేది. కుండ పక్కన తడిగుడ్డ అలాగే ఉండేది. నేను వాడటం మానేసి ఎన్నో నెలలైంది. అయినా అది రోజూ తడిగానే ఎందుకుందో నాకు తట్టలేదు. టైపు చేసే కాగితంలో అక్షరం పోతే పట్టుకునేదాన్ని, ఇది పట్టుకోలేకపోయాను.

ఒక ఆదివారం పొద్దున్న పాత ఊరికి బయలుదేరుతూ వాకిట్లోకి వచ్చాను. ముందు దండెం మీద నా లంగాల పక్కన ఇంకో నాలుగు గుడ్డలు ఆరేసి ఉన్నాయి. నావి కావు. అమ్మ పాత తెల్లచీర చింపిన ముక్కలు. కుండ పక్కన గుడ్డ కూడా వాటిలోనే ఉంది, ఎండకి అప్పుడే గట్టిపడుతోంది. వాటి కింద నా పీట మీద అమ్మ కూర్చుని ఉంది, కొంగు నెత్తిన కప్పుకుని, వీధిలోకి చూడకుండా నేలకేసి చూస్తూ. అమ్మ తల ఎత్తలేదు.

"ఆ డాక్టరమ్మ ముసలోల్లని కూడా సూత్తాదేటే?" అంది.